రాకెట్ల పిచ్చి, యుద్ధాల పిచ్చి: ఏది వదులుకోవాలి?

ప్రశ్న: నమస్తే సార్. ఒంగోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెబుతాను. చిన్నప్పట్నుంచీ నాకు రెండు పిచ్చిలు. ఒకటి మనుషులు అంతరిక్షంలోకి వెళ్లిన కథలు, రెండోది యుద్ధ చరిత్ర. ఇప్పుడు పీహెచ్‌డీకి టాపిక్ పెట్టుకోవాలి. మా గైడ్ గారేమో "రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా, ఏదో ఒకటి తేల్చుకో" అంటున్నారు. స్టాఫ్ రూములో "చరిత్ర అంటే శాతవాహనులు, కాకతీయులు కదండీ, రాకెట్లు ఫిజిక్స్ వాళ్లవి" అని నవ్వుతారు. మా అత్తగారు "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ యుద్ధాల గోల" అంటారు. ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాను గానీ, ఈమధ్య రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ల వి-2 రాకెట్ గురించి చదువుతూ చదువుతూ డోరా ఖైదీల క్యాంపు దాకా వెళ్లాను. అప్పట్నుంచీ రాకెట్ లేస్తున్న వీడియో ఏది చూసినా మునుపటి సంతోషం లేదు. ఒకవేళ సంతోషం వచ్చినా తప్పు చేస్తున్నట్టుంటోంది. ఏం చేయమంటారు?
ఒక హిస్టరీ లెక్చరర్

సమాధానం:

అమ్మా,

ముందు పడవల సంగతి తేల్చేద్దాం. మీ గైడ్ గారు మంచికే చెప్పి ఉంటారు, మీరు అయిదారేళ్లలో థీసిస్ ఇచ్చి ఒడ్డెక్కాలని ఆయన తాపత్రయం. కానీ మీ కాళ్ల కింద ఉన్నది ఒకటే పడవ. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, రుజువుగా ఒక వస్తువును చూపిస్తాను.

1961 ఏప్రిల్ 12న గగారిన్ వెళ్లిన వోస్తోక్ నౌక తీసుకోండి. సుమారు 2.3 మీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి లోహపు బంతి, లోపల ఒక ఎజెక్షన్ సీటు, ఒక మనిషి, మొత్తం 108 నిమిషాల ప్రయాణం. ఇప్పుడు ఆ బంతిలోంచి మనిషినీ సీటునూ తీసేసి, ఆ చోట పెద్ద కెమెరాలూ ఫిల్మూ బిగించండి. అదే జెనిత్, సోవియట్ గూఢచారి ఉపగ్రహం. మనిషిని క్షేమంగా దించడానికి కట్టిన గోళమే, తీసిన ఫిల్మును క్షేమంగా దించడానికీ పనికొచ్చింది. అసలు సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త కొరోల్యోవ్ 1950ల చివర్లో "మనిషిని పంపుతాను, డబ్బివ్వండి" అని ఊరికే అడిగితే ఇచ్చేవాళ్లెవరూ లేరు. సైన్యానికి కావలసింది అమెరికా స్థావరాల ఫొటోలు. ఒకే డిజైన్‌తో రెండు పనులూ అవుతాయని ఆయన వాళ్లను ఒప్పించాడు. 1959 మే 22న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రధానంగా గూఢచారి ఉపగ్రహం గురించే, మనిషి ప్రయాణించే ఉపగ్రహం అన్న మాట దానికి తోకలా తగిలించారు. మనం స్కూల్లో చదువుకున్న "మానవజాతి మహాప్రస్థానం" ఆ తోకలోంచి వచ్చిందమ్మా. పని సాధించిన మొదటి జెనిత్ 1962 ఏప్రిల్‌లో కాస్మోస్-4 అనే అమాయకమైన పేరుతో వెళ్లి పని ముగించుకుని వచ్చింది. ఆ కుటుంబం 1994 దాకా ఎగురుతూనే ఉంది.

ఇక రాకెట్ సంగతి. గగారిన్‌ను మోసిన ఆర్-7ను కట్టిందే అమెరికా మీద హైడ్రోజన్ బాంబు వేయడానికి. 1957 ఆగస్టు 21న క్షిపణిగా మొదటిసారి సరిగ్గా ఎగిరింది, అక్టోబర్ 4న స్పుత్నిక్‌ను మోసుకెళ్లింది, మధ్యలో ఆరు వారాలు! తమాషా ఏమిటంటే ఆయుధంగా అది ఎందుకూ కొరగాలేదు. ఇంధనం నింపడానికే గంటలు పట్టేది, కదిలించలేని పెద్ద పెద్ద లాంచ్ ప్యాడ్లు కావాలి, శత్రువు ముందు గురిపెట్టేది వాటికే. అందుకని సైన్యం దాన్ని తొందరగానే పక్కనపెట్టింది. రష్యా పంపే వ్యోమగాములు మాత్రం ఈరోజుకీ ఆ వంశానికి చెందిన సోయజ్ రాకెట్ మీదే వెళ్తున్నారు. దీన్ని యుద్ధ చరిత్ర అంటారా, అంతరిక్ష చరిత్ర అంటారా? ఏదో ఒకటి వదిలేసి ఈ కథ రాయమని మీ గైడ్ గారినే అడగండి (మర్యాదగానే లెండి).

అమెరికా వైపూ ఇంతే, త్వరగా చెప్పేస్తాను. అంతరిక్షంలోకి మొదటి అమెరికన్ షెపర్డ్‌ను పంపిన రెడ్‌స్టోన్ ఆర్మీ వాళ్ల క్షిపణి, కక్ష్యలో తిరిగిన మొదటి అమెరికన్ గ్లెన్‌ను మోసిన అట్లాస్ ఖండాంతర క్షిపణి, జెమిని నౌకలను మోసిన టైటాన్-2 కూడా అంతే. స్పేస్ షటిల్ అంత పెద్దదిగా, ఆ ఆకారంలో రెక్కలతో తయారవడానికి ఎయిర్‌ఫోర్స్ పెట్టిన షరతులే పెద్ద కారణం: వాళ్ల గూఢచారి ఉపగ్రహాలు పట్టేంత గది కావాలి, ధ్రువాల మీదుగా ఒక్క చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి దిగగలగాలి. వ్యోమగాముల సంగతికొస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ కొరియా యుద్ధంలో నేవీ పైలట్‌గా 78 సార్లు దాడులకు వెళ్లినవాడు. 1951 సెప్టెంబర్‌లో లోయకు అడ్డంగా కట్టిన తీగ తగిలి విమానం కుడిరెక్క చివర తెగిపోతే, దాన్ని ఎలాగో తమవాళ్లున్న చోటిదాకా లాక్కొచ్చి పారాచూట్‌తో దూకాడు. ఆల్డ్రిన్ అదే యుద్ధంలో 66 సార్లు వెళ్లి రెండు మిగ్-15లను కూల్చాడు.

మీ అత్తగారి మాటకొస్తాను. ఆవిడ మాటను కొట్టిపారేయకండి, ఎందుకంటే ఆవిడకు తెలియకుండానే ఈ చరిత్రలో అసలైన ప్రశ్న ఒకటి వేశారు: ఆడవాళ్లకు యుద్ధాలతో పనేంటి? 1958 డిసెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మొదటి వ్యోమగాములను మిలిటరీ టెస్ట్ పైలట్లలోంచే తీసుకోమన్నాడు. అప్పటిదాకా నాసా కాస్త విశాలంగా దరఖాస్తులు పిలుద్దామనుకుంటోంది. కానీ మిలిటరీ వాళ్లయితే ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి, రహస్యాలు చూడటానికి అనుమతులుంటాయి, పిలిస్తే వస్తారు. 508 మంది రికార్డులు చూశారు, 110 మంది అర్హులని తేలింది, చివరికి ఏడుగురు మిగిలారు. "ఆడవాళ్లు వద్దు" అని ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరమే లేదు, ఆ రోజుల్లో అమెరికా సైన్యం ఆడవాళ్లకు జెట్ విమానాలు ఇవ్వదు కదా. వేల గంటలు విమానాలు నడిపిన జెర్రీ కాబ్ లాంటివాళ్లు 1962 జూలైలో కాంగ్రెస్ కమిటీ ముందుకు వెళ్లి మొరపెట్టుకున్నా నియమం మారలేదు. సోవియట్లు 1963 జూన్‌లో తెరిష్కోవాను పంపారు. ఆవిడ బట్టల మిల్లు కార్మికురాలు, సరదాకి పారాచూట్ దూకడం నేర్చుకున్న మనిషి. తర్వాత మళ్లీ ఒక సోవియట్ మహిళ వెళ్లడానికి 19 ఏళ్లు పట్టింది. అమెరికా షటిల్‌కు పైలట్‌గా ఒక మహిళ కూర్చున్నది 1995లో, ఐలీన్ కాలిన్స్, ఆవిడ వచ్చిందీ ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్ల దారిలోనే.

మన దగ్గరికొద్దాం. 2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్‌కు ప్రకటించిన నలుగురూ ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్లే, నలుగురూ మగవాళ్లే. మన ఎయిర్‌ఫోర్స్‌లో ఆడవాళ్లను ఫైటర్ పైలట్లుగా మొదటిసారి తీసుకున్నది 2016లో. ఫైటర్ పైలట్ టెస్ట్ పైలట్ అవ్వాలంటే ఏళ్ల అనుభవం కావాలి, అక్కడినుంచి వ్యోమగామి అవ్వాలంటే మరికొన్నేళ్లు. అంటే 2024 జాబితాలో ఎవరుంటారో అంతకు చాలా ఏళ్ల ముందే, సైన్యంలో ఎవరికి ఏ సీటు ఇచ్చారన్న దాంట్లోనే చాలావరకు తేలిపోయింది. మన గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష చూపు సరిగా లేక ఎయిర్‌ఫోర్స్ దారి మూసుకుపోయి, చివరికి 2021 జూలైలో ఒక ప్రైవేటు కంపెనీ నౌకలో వెళ్లివచ్చారు. అదే ఏడు నవంబర్‌లో వెళ్లిన రాజాచారి, తండ్రి హైదరాబాద్ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన మనిషి, అచ్చంగా పాత దారిలోనే వెళ్లాడు: ఎయిర్‌ఫోర్స్, ఇరాక్ యుద్ధం, టెస్ట్ పైలట్, ఆ తర్వాత నాసా. ఇద్దరూ తెలుగు మూలాలున్నవాళ్లే, కానీ వెళ్లిన తలుపులు వేరు. ఆ తలుపుల చరిత్ర రాయడానికి యుద్ధ చరిత్ర తెలిసిన ఆడమనిషి కంటే తగినవాళ్లెవరున్నారు? అత్తగారికి ఇదంతా ఇలాగే చెప్పక్కర్లేదు గానీ, శిరీష కథ చెప్పండి, ఆసక్తిగా వింటారు.

స్టాఫ్ రూము వాళ్లకు జవాబు చెప్పడం దండగ. కాకతీయులు కోటలు కట్టించింది దేనికో వాళ్లకూ తెలుసు.

ఇక డోరా. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే, కాబట్టి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

మీరు చదివిందే అయినా పాఠకుల కోసం చెబుతాను. 1943 ఆగస్టులో బ్రిటిష్ విమానాలు జర్మన్ల రాకెట్ కేంద్రం పీనెముండే మీద బాంబులు వేశాక జర్మన్లు వి-2 తయారీని నార్డ్‌హౌజెన్ దగ్గర ఒక కొండ కింద సొరంగాల్లోకి మార్చారు. పనికి బుకెన్‌వాల్డ్ అనే నాజీ క్యాంపు నుంచి ఖైదీలను తెచ్చారు, వాళ్లను పెట్టిన క్యాంపే డోరా. మొదటి నెలల్లో వాళ్లు ఆ సొరంగాల్లోనే, దుమ్ములో, నీళ్లూ మరుగుదొడ్లూ సరిగా లేకుండా అంతస్తుల చెక్కబల్లల మీద పడుకున్నారు. ఒక షిఫ్టు లేచిన బల్లల మీదే ఇంకో షిఫ్టు పడుకునేది. పని చెడగొట్టాడని అనుమానం వస్తే రాకెట్ భాగాలెత్తే క్రేన్‌కే ఉరితీసేవాళ్లు, మిగతావాళ్లు ఆ కింద నుంచే పనికి వెళ్లాలి. మొత్తం దాదాపు 60 వేల మంది ఆ క్యాంపుల గుండా వెళ్తే 20 వేల మంది దాకా చనిపోయారు. ఆ రాకెట్ పడి లండన్‌లో, ఆంట్‌వర్ప్‌లో చనిపోయినవాళ్ల కంటే క్యాంపుల్లో పోయినవాళ్లే ఎక్కువ. ఆయుధం దెబ్బకు శత్రువు దేశంలో పోయినవాళ్ల కంటే దాన్ని కట్టించిన వ్యవస్థలో పోయినవాళ్లు ఎక్కువ కావడం, యుద్ధ చరిత్ర ఇంతగా చదివిన మీకు, ఇంకెక్కడైనా కనిపించిందా?

యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం ఆ సొరంగాల్లోంచి సుమారు వంద వి-2లకు సరిపడా భాగాలు పట్టుకుపోయింది. వాటితోపాటే వి-2 రూపకర్త వాన్ బ్రౌన్ బృందాన్నీ తీసుకెళ్లింది. రెడ్‌స్టోన్ అని పైన చెప్పాను చూడండి, అది ఈ బృందం చేసిందే, ఇంధనం కూడా వి-2 లాగే ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్. వాన్ బ్రౌన్ తర్వాత్తర్వాత "నాకు రాకెట్లే లోకం" అన్నట్టు కనిపించాడు గానీ, 1944 ఆగస్టు 15న ఆయన రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. సొరంగంలో పనికి చదువూ నైపుణ్యమూ ఉన్న ఖైదీలను ఎంచడానికి తానే బుకెన్‌వాల్డ్ వెళ్లానని అందులో ఉంది. ఆ ఫ్యాక్టరీలో తయారీ చూసుకున్న ఆర్థర్ రుడాల్ఫ్, చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్-5కు ప్రోగ్రామ్ మేనేజర్ అయ్యాడు. 1984లో అమెరికా న్యాయశాఖ పాత లెక్కలు తీస్తే పౌరసత్వం వదులుకుని జర్మనీ వెళ్లిపోయాడు. అప్పటికి శాటర్న్-5 ఆఖరిసారి ఎగిరి పదకొండేళ్లు.

మరి ఇదంతా తెలిశాక శాటర్న్ లేస్తుంటే ఒళ్లు పులకరించొచ్చా? పులకరించొచ్చమ్మా. ఎందుకంటే అపోలోలో పనిచేసినవాళ్లు దాదాపు నాలుగు లక్షల మంది. స్పేస్‌సూట్ పొరలను చేత్తో కూర్చి కుట్టిన ఆడవాళ్లు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసినవాళ్లు, రాత్రంతా గేజీల ముందు కూర్చున్న కుర్రాళ్లు, వీళ్లెవరికీ డోరాతో సంబంధం లేదు. "అపోలో అంతా నాజీల పనే" అనేవాళ్లు కొందరున్నారు, అది కోపంతో వచ్చిన మాట, లెక్కకు నిలవదు. "పాతవి ఎందుకు తవ్వడం, చంద్రుడి మీదికి వెళ్లాం కదా" అనేవాళ్లు ఇంకా ఎక్కువమంది. వాళ్లది బద్ధకం. మీరు ఈ రెండు గుంపుల్లోనూ చేరకండి. మీకు కలిగిన ఆ ఇబ్బంది పోగొట్టుకోవాల్సిన జబ్బు కాదు, పని చేయించుకోవాల్సిన సాధనం. అది ఎక్కడ కలుగుతోందో అక్కడే ఒక పేరు, ఒక తేదీ, ఒక సంతకం వెతకండి. ఎవరు ఆర్డర్ ఇచ్చారు, ఎవరు ఎంచారు, ఎవరు చూసీ చూడనట్టున్నారు, ఎవరికి అసలు తెలిసే అవకాశం లేదు: ఈ నలుగురూ ఒకటి కాదు. విడదీసి రాయడమే మన వృత్తి. "అందరూ పాపాత్ములే" అని చేతులు దులుపుకుంటే అసలు సంతకం పెట్టినవాడు ఆ గుంపులో హాయిగా దాక్కుంటాడు.

ఇంకో మాట. రెండోవైపు కొరోల్యోవ్ సంగతి చూడండి. 1938లో సొంత ప్రభుత్వమే అరెస్టు చేసి దూరాన సైబీరియా వైపు కొలిమా బంగారు గనులకు ఖైదీగా పంపింది, అక్కడ పళ్లు ఊడిపోయాయి, ప్రాణం పోవాల్సింది తప్పింది. తర్వాత అదే ప్రభుత్వానికి స్పుత్నిక్, గగారిన్‌లను ఇచ్చాడు. 1966 జనవరిలో చనిపోయేదాకా ఆయన పేరు పేపర్లో రాయనివ్వలేదు. ఒకవైపు ఖైదీల చాకిరీ మీద రాకెట్లు కట్టి పేరు సంపాదించుకున్నవాళ్లు, ఇంకోవైపు ఖైదీగా ఉండివచ్చి పేరు లేకుండా రాకెట్లు కట్టినవాడు. ఈ ఇద్దరి మధ్యే కదా చంద్రుడి పందెం నడిచింది.

క్లాసులో దీన్నెలా చెప్పాలో అడగలేదు గానీ చెబుతాను: అపోలో పాఠం అయిపోయాక చివర్లో "దీనికో చీకటి కోణం కూడా ఉంది" అని డోరాను అతికించకండి, పిల్లలు అప్పటికే బ్యాగులు సర్దుకుంటుంటారు. ఆ సొరంగంతోనే మొదలుపెట్టి, అక్కడినుంచి రెడ్‌స్టోన్ మీదుగా శాటర్న్ దాకా నడిపించండి.

ఇక టాపిక్. మీలాంటి పిచ్చి ఉన్నవాళ్లకు ఉండే జబ్బు ఒకటుంది, అంకెలు పోగేయడం. శాటర్న్ ఇంజన్ ఎన్ని టన్నుల తోపుడు బలం (థ్రస్ట్) ఇస్తుందో, ఏ యుద్ధంలో ఏ ట్యాంకు కవచం ఎన్ని మిల్లీమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాం, దానికి డబ్బు ఎవరిచ్చారో అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటాం. థీసిస్‌కు అంకెల కంటే నిర్ణయాలు ముఖ్యం. ఏదో ఒక నిర్ణయాన్నో వస్తువునో పట్టుకుని, అది సైన్యం వైపు నుంచి అంతరిక్షం వైపుకు (లేదా అటునుంచి ఇటుకు) ఎలా దాటిందో చూడండి.

ఒక ఉదాహరణ ఇస్తాను, నాకు బాగా ఇష్టమైనది. 2005లో కేప్ కెనవెరల్‌లో, షెపర్డ్ ప్రయాణాన్ని నడిపించిన పాత బ్లాక్‌హౌస్‌లో (ప్రయోగాన్ని నియంత్రించే గట్టి కట్టడం), చాలాకాలంగా ఎవరి దగ్గరా తాళం లేని ఒక గదిని సెక్యూరిటీ వాళ్లు తెరిపించారు. లోపల నీలం రంగు స్పేస్‌సూట్లు రెండు, నంబర్లు 007, 008. ఒకదాని మీద "లాయర్" అని పేరు. నాసా వ్యోమగాముల్లో ఆ పేరున్నవాళ్లు లేరు. తీరా చూస్తే అతను రిచర్డ్ లాయర్, ఎయిర్‌ఫోర్స్ సొంతంగా పెట్టుకున్న అంతరిక్ష కేంద్రం కోసం ఎంచిన పైలట్. ఆ కేంద్రంలో ఇద్దరు మనుషులు నెల రోజులుండి పెద్ద కెమెరాతో సోవియట్ భూభాగాన్ని ఫొటోలు తీయాలి. 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఆమోదించాడు, 1969 జూన్‌లో, ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు చంద్రుడికి బయలుదేరడానికి అయిదు వారాల ముందు, రద్దు చేశారు. మనుషులు లేకుండానే ఉపగ్రహాలు ఆ ఫొటోలు తీసేస్తున్నప్పుడు మనుషుల ఖర్చు దేనికన్నారు. ఆ పైలట్లలో ఏడుగురు నాసాలో చేరారు, వాళ్లలో క్రిపెన్ 1981లో మొదటి షటిల్ నడిపాడు. ఆ కేంద్రం రహస్య ఫైళ్లు 2015లో వందలకొద్దీ బయటపెట్టారు, అన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. సోవియట్లు మాత్రం తమ సైనిక కేంద్రం అల్మాజ్‌ను నిజంగానే పంపారు, సాల్యూత్-3 అని మారుపేరు పెట్టి, 23 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించి! గురిపెట్టాలంటే మొత్తం కేంద్రాన్నే తిప్పాలి. 1975 జనవరిలో లోపల ఎవరూ లేనప్పుడు కింద నుంచే పేల్చి చూశారు. ఇవన్నీ "అంతరిక్షం శాంతికోసమే" అని రెండు దేశాలూ ఉపన్యాసాలిచ్చిన రోజుల్లోనే.

విదేశీ టాపిక్ అయితే మీకు ఆధారాలకు కొదవ లేదు. నాసా వాళ్లు పాతకాలపు ఇంజనీర్లతో, వ్యోమగాములతో చేసిన మౌఖిక చరిత్ర ఇంటర్వ్యూలు ఉచితం. కొరోల్యోవ్ దగ్గర పనిచేసిన బోరిస్ చెర్టోక్ జ్ఞాపకాలను నాసాయే ఇంగ్లీషులో నాలుగు సంపుటాలుగా తెచ్చింది, అవీ ఉచితమే. కానీ నిజం చెప్పాలంటే, ఒంగోలులో కూర్చుని హ్యూస్టన్ గురించి రాస్తే హ్యూస్టన్‌లో ఉన్నవాడి కంటే మీరు ఎప్పుడూ రెండడుగులు వెనకే ఉంటారు. మీకంటే దగ్గరగా ఎవరూ లేని చోటు వెతుక్కోండి. నాకు తోచినవి రెండు.

ఒకటి శ్రీహరికోట. మీకు రైలెక్కితే కొద్ది గంటల దూరం. 1969లో ఆ దీవిని ఎంచారు, 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ లేచింది, 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ తప్పించుకునే వ్యవస్థను అక్కడే పరీక్షించారు. సముద్రంలో పడ్డ ఆ ఖాళీ నౌకను వెతికి తెచ్చింది మన నేవీ, అందులోనూ సైన్యం చెయ్యి ఉంది చూశారా. అందరికీ తెలిసింది ఇంతవరకే. అంతకుముందు అక్కడ అడవిని నమ్ముకుని బతికిన యానాదుల సంగతి మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ రికార్డుల్లో ఉంది. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్లు ఎక్కడికి వెళ్లారు, ఎవరికి ఏం దక్కింది, సూళ్లూరుపేట చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఇంకా ఏం గుర్తుంది? తెలుగు వచ్చిన చరిత్రకారులే చేయగల పని ఇది. డోరా చదివి ఇబ్బందిపడ్డ మనిషి ఈ ప్రశ్నలు జాగ్రత్తగా అడుగుతారని నా నమ్మకం. రెండూ ఒకటే అనడం లేదు, దయచేసి అలా రాయకండి కూడా, అది ఖైదీల క్యాంపు, ఇది భూసేకరణ. కానీ "ఈ రాకెట్ కింద అంతకుముందు ఎవరున్నారు" అనే ప్రశ్న మాత్రం రెండు చోట్లా అడగాల్సిందే.

రెండోది హైదరాబాద్. 1980లో రోహిణి ఉపగ్రహాన్ని మోసిన ఎస్‌ఎల్‌వి-3 మొదటి దశే, 1989 మే 22న పరీక్షించిన అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది. దాన్ని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు తెచ్చిన కలాం కూర్చున్నది హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో, రక్షణ పరిశోధన కేంద్రంలో. అక్కడే ఉన్న ప్రభుత్వ లోహ సంస్థ మిధాని క్షిపణులకూ రాకెట్లకూ లోహాలు ఇచ్చింది. రాకేశ్ శర్మ పెరిగిందీ హైదరాబాద్‌లోనే, నిజాం కాలేజీలో చదివి, 1971 యుద్ధంలో మిగ్-21 మీద 21 సార్లు వెళ్లి, 1984 ఏప్రిల్ 3న సోయజ్ ఎక్కారు. ఆయన కథ అందరూ రాస్తారు, రాయనివ్వండి. ఆ ఫ్యాక్టరీల్లో రిటైరైన ఫోర్‌మెన్లు, వెల్డర్లు, డ్రాఫ్ట్స్‌మెన్లను పట్టుకోండి. ఒకే చేత్తో వాళ్లు ఉదయం దేనికి పనిచేశారో, సాయంత్రం దేనికి పనిచేశారో, అసలు వాళ్లకు ఆ తేడా చెప్పారో లేదో అడగండి.

ఫైళ్లు దొరకవేమోనని టెన్షన్ ఉంటుంది, సహజమే. 2021లో రక్షణశాఖ పాత యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలని ఒక విధానం ప్రకటించింది. దాన్ని పట్టుకుని అర్జీలు పెట్టండి, కానీ థీసిస్ మొత్తం దానిమీదే ఆనించకండి. క్షిపణుల వివరాలు ఎవరైనా నోరుజారి చెప్పినా రాసుకోకండి, మనకు కావలసింది జీవితాలు, కొలతలు కాదు. రిటైరైన వాళ్లలో చాలామంది రహస్యాల నిబంధనకు భయపడి మొదట ఏమీ చెప్పరు. వాళ్లను రాకెట్ గురించి అడగకుండా క్యాంటీన్ గురించి, షిఫ్టుల గురించి, ఫెయిలైన ప్రయోగం మర్నాటి ఉదయం గురించి అడగండి. ఇంటర్వ్యూకు ముందే అనుమతి పత్రం తెలుగులో రాయించుకోండి, యూనివర్సిటీ వాళ్ల ఇంగ్లీషు ఫారం చూస్తే పెద్దాయన సంతకం పెట్టరు, పెట్టినా ఇంట్లోవాళ్లు పెట్టనివ్వరు.

గైడ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు "సార్, నాకు రెండూ కావాలి" అని వెళ్లకండి. ఒక పేజీలో ఒకే ప్రశ్న రాసుకుని వెళ్లండి, శ్రీహరికోట అయితే శ్రీహరికోట, కంచన్‌బాగ్ అయితే కంచన్‌బాగ్. అంతరిక్షం, యుద్ధం అనే మాటలు శీర్షికలో పెట్టకండి, లోపల ఎలాగూ రెండూ వస్తాయి. ముందు సూళ్లూరుపేట ఒకసారి వెళ్లిరండి, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో మాట్లాడాక ఏది ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. మాట్లాడినవి అదే రాత్రి రాసిపెట్టుకోండి, ఫోన్ రికార్డింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.